పొగ లేని ఆటో – పొగ లెక్క

హైదరాబాదు నుండి పూణె పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద, కర్ణాటక సరిహద్దుకు దగ్గరలో జహీరాబాదు పట్టణం ఉన్నది. మోటారు బండ్ల తయారీ ఈ పట్టణానికి కొత్త కాదు. మొదట ఆల్విన్ నిస్సాన్ కంపెనీ ఇక్కడ చిన్న సరుకుల బండ్లను తయారు చేసేది. 1989లో ఆ కంపెనీ మహీంద్రా వారి చేతికి వచ్చినది. అటు తరువాత ఇక్కడ మూడు చక్రాల బండ్లు, ట్రాక్టర్లు తయారయినవి. 2023లో విద్యుత్ వాహనాల కోసం ఇక్కడ సుమారు 1,000 కోట్ల రూపాయల పెట్టుబడి పెట్టనున్నట్లు ఆ సంస్థ ప్రకటించినది. ఈ విధంగా డీజిలు బండ్లు తయారు చేసిన ఊరే బ్యాటరీ ఆటోలకు కూడ పుట్టినిల్లు అయినది.

ఈ ఆటోను గురించి చెప్పేటప్పుడు సాధారణంగా వాడే మాట ‘పొగ లేని బండి’. ప్రభుత్వం ఇటువంటి వాహనాలకు ఆకుపచ్చ నంబరు పలక ఇచ్చినది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో, 2026 డిసెంబరు చివరి వరకు వర్తించేటట్లు, వీటికి రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము మినహాయించినది. పాఠశాలల వక్తృత్వ పోటీలలో విద్యార్థులు కూడ ఇదే మాటను వల్లిస్తుంటారు. ఈ మాటలో నిజం ఎంత, కొరత ఎంత అన్నది విచారించవలసి ఉన్నది.

ముందుగా నిజమైన భాగాన్ని ఒప్పుకొనవలెను. డీజిలు యంత్రం తన పొగను బజారులోనే, నడిచే మనుష్యుల ముక్కు ఎత్తులోనే వదులుతుంది. అందులోని సన్నని మసి ఊపిరితిత్తులలోకి చేరుతుంది. నత్రజని ఆక్సైడులు కళ్లనూ గొంతునూ బాధిస్తాయి. బ్యాటరీ ఆటోకు పొగగొట్టమే లేదు. కాబట్టి బడి వద్ద, సంతలో, ఆసుపత్రి ముందర గాలి కొంత బాగుపడుతుంది. చప్పుడూ తగ్గుతుంది. ఇది చిన్న లాభం కాదు.

అయితే బ్యాటరీ అనేది శక్తిని పుట్టించే వస్తువు కాదు, దాచిపెట్టే వస్తువు. కుండలోని నీళ్లు ఎక్కడివి అని అడిగినట్లే, బ్యాటరీలోని విద్యుచ్ఛక్తి ఎక్కడిది అని అడగవలెను. తెలంగాణలో ఆ ప్రశ్నకు సమాధానం చాలా వరకు బొగ్గు. రామగుండంలోని పాత జాతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఒక్కటే 2,600 మెగావాట్లది. నల్లగొండ జిల్లా దామరచర్ల వద్ద 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రం కట్టబడినది. అక్కడ ఒకొక్క యూనిట్ విద్యుత్తుకు సుమారు ఒక కిలోకు కాస్త తక్కువగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. జలవిద్యుత్తు, సౌరవిద్యుత్తు, అణువిద్యుత్తు అన్నీ కలిపి దేశం మొత్తానికి సగటు తీస్తే యూనిట్‌కు సుమారు 0.7 కిలో వస్తుంది.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూడవచ్చును. ఒక ఆటో రోజుకు 105 కిలోమీటర్లు తిరుగుతుందని అనుకొనవలెను. డీజిలు ఆటో లీటరుకు 30 కిలోమీటర్లు పోతే దానికి మూడున్నర లీటర్లు కావలెను. లీటరు డీజిలు మండితే సుమారు 2.65 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. మొత్తం సుమారు 9 కిలోలు. అదే దూరానికి బ్యాటరీ ఆటోకు ఏడున్నర యూనిట్లు చాలునని అనుకుందాము. తీగలలోనూ, చార్జి చేయుటలోనూ పోయే నష్టాన్ని కూడ కలిపితే విద్యుత్ కేంద్రంలో తొమ్మిదిన్నర యూనిట్లు పుట్టవలసి ఉంటుంది. దేశపు సగటు ప్రకారం వాయువు ఆరున్నర కిలోలు. ఆ విద్యుత్తు అంతా బొగ్గుదే అయితే దాదాపు 9 కిలోలు. అంతా సూర్యకాంతి నుండి వచ్చినదే అయితే దాదాపు సున్న.

ఆటో ఒక్కటే. రోడ్డూ, ప్రయాణికులూ, బ్యాటరీ కూడ మారలేదు. అయినను పొగ సున్న నుండి 9 కిలోల వరకు మారినది. కాబట్టి ‘పొగ లేని బండి’ అన్నది బండిని గురించిన మాట కాదు, దానికి విద్యుత్తు ఎక్కించిన గంటను గురించిన మాట. పగలు రెండు గంటలకు దక్కన్ పీఠభూమి మీద ఎండ పుష్కలంగా ఉంటుంది. రాత్రి పది గంటలకు సౌర ఫలకాలు పలకలే గాని ఫలకాలు కావు. కాని ఆటోలు సాధారణంగా చార్జి అయ్యేది, పని ముగిసి ఇంటికి చేరిన తరువాత, రాత్రి వేళలోనే. అప్పుడు ఆ విద్యుత్తులో పెద్ద భాగం బొగ్గుదే. జహీరాబాదు బజారులో తగ్గిన పొగలో కొంత రామగుండం చిమ్నీ మీదుగా పోతున్నదన్న మాట.

రెండవ కొరత మెగావాట్లను గురించినది. 2025 జూలైలో భారతదేశపు విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు, చమురు కాని వనరులది అయినదని కేంద్ర ప్రభుత్వం ప్రకటించినది. అది గొప్ప విషయమే. కాని దీనినిబట్టి దేశం వాడే విద్యుత్తులో సగం శుభ్రమైనదని అనుకుంటే పొరపాటు. పుట్టిన యూనిట్లను లెక్కిస్తే ఆ వనరుల వంతు సుమారు నాలుగవ వంతు మాత్రమే.

కారణం సులభమే. మెగావాట్ అనేది యంత్రపు బలం, యూనిట్ అనేది అది చేసిన పని. రామగుండంలోనే దీనికి చక్కని ఉదాహరణ ఉన్నది. 2022లో అక్కడి జలాశయం మీద 100 మెగావాట్ల తేలే సౌర విద్యుత్ కేంద్రం పూర్తయినది. పక్కనే 2,600 మెగావాట్ల బొగ్గు కేంద్రం. మెగావాట్లను చూస్తే మొదటిది రెండవదానిలో 26వ వంతు. కాని రాత్రినీ, మబ్బునూ, వాలు ఎండనూ లెక్కలోకి తీసుకుంటే సౌర కేంద్రం సగటున తన బలంలో సుమారు ఐదవ వంతు మాత్రమే, అంటే 20 మెగావాట్లు, ఇస్తుంది. బొగ్గు కేంద్రం ముప్పాతిక బలంతో పని చేసినదనుకుంటే యూనిట్లలో ఈ నిష్పత్తి నూటికి ఒకటి. బలమే చెప్పి పనిని చెప్పని ప్రకటన తప్పు కాకపోవచ్చును గాని, విన్నవానికి తప్పు అభిప్రాయం కలిగిస్తుంది.

సౌరశక్తి పనికిరాదని దీని అర్థం కాదు. లోపం సూర్యునిలో లేదు, వేళను పట్టించుకొనని మన ఏర్పాటులో ఉన్నది. దీనికి మార్గాలు తెలియనివి కావు. మొదటిది, దాచుట. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని ఆరు యంత్రాలు, ఒకొక్కటి 150 మెగావాట్లవి, నీటిని కిందికి వదిలి విద్యుత్తు తీయగలవు. మిగులు విద్యుత్తుతో నీటిని తిరిగి పైకి ఎక్కించనూగలవు. నంద్యాల జిల్లా పిన్నాపురం వద్ద ఇదే సూత్రం మీద 1,680 మెగావాట్ల కేంద్రం చేపట్టబడినది. నాలుగు యూనిట్లు ఖర్చు చేస్తే సుమారు మూడు తిరిగి వస్తాయి. ఆ ఒక్క యూనిట్ మధ్యాహ్నపు ఎండను రాత్రికి చేర్చినందుకు ఇచ్చే కూలి.

రెండవది, వేళను మార్చుట. 2024 సెప్టెంబరులో కేంద్ర విద్యుత్ శాఖ చార్జింగు కేంద్రాలకు మార్గదర్శక సూత్రాలు వెలువరించినది. పగటి తొమ్మిది నుండి నాలుగు గంటల వరకు విద్యుత్తు సరఫరా సగటు ఖర్చులో 0.7 వంతుకు, మిగతా వేళల 1.3 వంతుకు ఇవ్వవలెనని అందులో ఉన్నది. ఆలోచన సరియైనదే. కాని పగటి పూట బండి ఆపితే ఆటో నడిపేవానికి ఆ పూట కిరాయి పోతుంది. ఇంటి మీటరుతో రాత్రి చార్జి చేసేవానికి ఈ తగ్గింపు అందదు. వేళ మార్చే భారమంతా అతని మీదనే వేసి, పొగ లేదని అందరూ సంతోషించుట న్యాయం కాదు. ఆటో స్టాండు వద్దనే చార్జింగు కేంద్రం, ఎండలో నిండిన బ్యాటరీని అక్కడికక్కడే మార్చుకొనే వసతి ఉంటే అతని సంపాదన పోదు, ఎండ కూడ వృథా కాదు.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలో లెక్కగానే చెప్పవచ్చును. ఒక కిలోవాట్ సౌర ఫలకం ఈ ప్రాంతంలో రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. పది కిలోవాట్ల ఫలకాలు పాఠశాల కప్పు మీద ఉంటే నలభై యూనిట్లు. అంటే ఐదు ఆటోల ఒక రోజు తిరుగుడు. విద్యార్థి అడగవలసిన ప్రశ్నలు మూడే: ఎన్ని మెగావాట్లు అన్నారా, ఎన్ని యూనిట్లు అన్నారా? ఆ యూనిట్లు ఏ వేళ పుట్టినవి? ఏ వేళ ఖర్చయినవి? ఈ మూడింటికి సమాధానం చెప్పగలిగిన బండిని పొగ లేని బండి అని నిస్సందేహంగా పిలువవచ్చును. అంతవరకు దానిని పొగ తగ్గించగల బండి అనుటే శాస్త్రానికి తగిన మాట.