బెంచీ మీది కార్నర్‌కు వెల కట్టడం

బెంచీ మీది డిఫెండర్‌కు వెల కట్టేటప్పుడు మొదట చూడాల్సింది అతని ముందున్న ఆటగాణ్ని. ఆ చోటు ఎప్పుడు ఖాళీ అవుతుంది, అయిన రోజున రైడర్లు ఇతని మీదికి ఎన్నిసార్లు వస్తారు అన్నవి తర్వాతి ప్రశ్నలు. తీసుకున్న ఆటగాణ్ని ఏళ్ల తరబడి అట్టిపెట్టుకునే ఫాంటసీ లీగుల్లో ఈ లెక్క మరీ ముఖ్యం. అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానులు ఈ పద్ధతిని డైనాస్టీ అంటారు. దీన్ని ప్రో కబడ్డీకి అన్వయించుకుంటే లింగంపల్లి వాళ్లకు ఒక సౌకర్యం ఉంది: తెలుగు టైటాన్స్ హైదరాబాద్‌లో ఆడే గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం సెంట్రల్ యూనివర్సిటీ దాటగానే వస్తుంది. బెంచీ మీది కుర్రాళ్లు వార్మప్‌లో ఏ స్థానంలో పట్టు సాధన చేస్తున్నారో టీవీలో కనబడదు, అక్కడ కనబడుతుంది.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. కాబట్టి ఇది స్నేహితుల మధ్య, స్ప్రెడ్‌షీట్ మీద, పైసా లేకుండా ఆడుకునే ఆట. ఓపికతో ఆడేవాడికి అదే మేలు.

జట్టులో 18 నుంచి 25 మంది ఉంటారు. మ్యాచ్‌కు 12 మంది, మ్యాట్ మీద ఏడుగురు. రెండు కార్నర్లు, రెండు కవర్లు స్థిరపడితే మిగిలిన డిఫెండర్లకు దక్కేది కొద్ది నిమిషాలే. రెండు వైపులా ఆడగలిగినవాడికి, కవర్‌లోనూ ఇమిడిపోగలిగినవాడికి ఎక్కువ వెల కట్టాలి.

కార్నర్ పని దగ్గరగా చూడదగ్గది. మ్యాట్ మీద ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు రైడర్ బోనస్ గీత దాటి కాలు పెడతాడు, వెనక కాలు గాల్లోకి లేస్తుంది. కార్నర్ చీలమండ పట్టేది ఆ క్షణంలోనే. పక్కనున్న కవర్ రెప్పపాటులో వచ్చి మీద పడకపోతే రైడర్ పట్టినవాణ్ని ఈడ్చుకుంటూ మధ్యగీత అందుకుంటాడు. అందుకే విఫలమైన ట్యాకిల్స్ అన్నీ కార్నర్ ఖాతాలో వేయడం అన్యాయం. పట్టు సరిగ్గా పడిందా, సాయం ఆలస్యమైందా అని వీడియో చూసి తేల్చుకోవాలి. పట్టు సరైన సమయంలో పడుతుంటే ఆ కుర్రాణ్ని వదులుకోకూడదు.

పేరున్న కార్నర్ వైపు రైడర్లు పోరు, కొత్తవాడి వైపే పోతారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ అంతే, కొత్త కార్నర్‌బ్యాక్ వైపే బంతులు ఎక్కువగా వేస్తారు. దాంతో బెంచీ నుంచి వచ్చినవాడికి మొదటి మ్యాచుల్లోనే అవకాశాలు కుప్పలుగా వస్తాయి, పాయింట్లూ వస్తాయి. అతను కుదురుకున్నాక రైడర్లు దారి మార్చుకుంటారు, పాయింట్లు తగ్గుతాయి. ఆ తగ్గుదలను చూసి అమ్మేసేవాళ్ల దగ్గర కొనుక్కోవడం తెలివైన పని.

జట్టు బలహీనత కూడా లెక్కను తారుమారు చేస్తుంది. టైటాన్స్ 9, 10 సీజన్లలో 22 మ్యాచులకు రెండేసి మాత్రమే గెలిచింది. ఓడే జట్టులో మ్యాట్ మీద ముగ్గురో ఇద్దరో మిగిలే సందర్భాలు ఎక్కువ. అప్పుడు పట్టిన ప్రతి రైడర్‌కూ సూపర్ ట్యాకిల్ కింద రెండు పాయింట్లు. ఆ పాయింట్లు నిజమైనవే, అయితే జట్టు బాగుపడితే అవి తగ్గిపోతాయి. కాబట్టి సూపర్ ట్యాకిల్స్ తీసేసి మరోసారి కూడుకోవాలి.

ఇంత శ్రమ ఎందుకంటే షాడ్లూ ఉదాహరణ ఉంది. 2021 వేలంలో పట్నా పైరేట్స్ ఈ ఇరాన్ కుర్రాణ్ని 31 లక్షలకు తీసుకుంది. ఆ సీజన్‌లో 89 ట్యాకిల్ పాయింట్లతో లీగులో అందరికంటే ముందు నిలిచాడు. 2023 వేలంలో పుణెరి పల్టన్ అతనికి 2.35 కోట్లు పెట్టింది.

వేలంలో సొంత జట్టు అదే స్థానానికి పేరున్న డిఫెండర్‌ను కొంటే బెంచీ కుర్రాడు ఇంకో ఏడాది ఆగాల్సిందే. ఇరవై రెండు లోపు వయసైతే అట్టిపెట్టుకోవచ్చు, ఇరవై ఎనిమిది దాటితే వదిలేయాలి. వదిలేసే ముందు వేరే జట్టేమైనా అతన్ని కొందేమో చూసుకోవాలి, జట్టు మారితే అతని ముందున్న వరస కూడా మారుతుంది.