పాకం చెప్పిన ఇంగితం

"ఆ మాత్రం ఇంగితం ఉండక్కర్లా?" ఈ మాటను మనం తిట్టుగానే వింటాం. "అబ్బాయికి మంచి ఇంగితం ఉందండీ" అని పెళ్లి సంబంధాలు చెప్పేవాళ్లు కూడా పొగడరు. ఉన్నన్నాళ్లూ దాని ఊసెత్తం, లేనప్పుడే పేరు పెట్టి వెతుకుతాం.

నాకు ఆ తిట్టు మొదట పడింది అరిసెల పొయ్యి దగ్గర. సంక్రాంతి ముందు అమ్మమ్మ బెల్లం పాకం పడుతూ, గరిటె నా చేతికిచ్చి తడిపిండి జల్లించడానికి కూర్చుంది. "ఎంతసేపు తిప్పాలి అమ్మమ్మా?" అంటే "పాకం వచ్చేదాకా" అంది. నేను గోడ గడియారం చూస్తూ తిప్పాను. పాకం ముదిరింది. "గడియారంలో కనిపిస్తుందట్రా పాకం? ఇంగితం ఉండక్కర్లా?" ఆ ఏడాది అరిసెల్ని తాతయ్య పాలలో నానబెట్టుకు తిన్నాడు.

ఇంగితమంటే తెలివి అనుకున్నాను చాలాకాలం. సంస్కృతంలో అది కదలిక, సైగ, లోపలి సంగతి బయటపెట్టే చేష్ట. రాచరహస్యాలు ఎలా పొక్కుతాయో చెబుతూ కౌటిల్యుడు, మనిషి మామూలు తీరు తప్పడమే ఇంగితం అన్నాడు. దాన్ని పోల్చుకోవడం ఇంగితజ్ఞానం. మన వాడుకలో జ్ఞానం రాలిపోయి, ఎదుటి గుర్తు కాస్తా మన బుర్రలోని గుణమైపోయింది.

ఇప్పుడు నేనే పాకం పడుతుంటే ఆ పాత అర్థమే సరైనదనిపిస్తుంది. మొదట పలచని నురగ, గబగబా పొంగే బుడగలు. కాసేపటికి బుడగలు చిక్కబడి, నెమ్మదిస్తాయి. తీరు తప్పిందంటే అదే సైగ. గిన్నెడు నీళ్లలో రెండు చుక్కలు వేసి వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టాలి. కరిగిపోతే లేతపాకం, అరిసె నూనెలో విడిపోతుంది. రాయిలా బిగిస్తే పళ్లకు పరీక్షే. బెల్లాన్ని బట్టి, మంటను బట్టి నిమిషాలు మారతాయి, గుర్తులు మారవు.

విచక్షణ వేరు, ఇంగితం వేరు. గవర్నర్లకూ న్యాయమూర్తులకూ విచక్షణాధికారం ఉంటుంది. ఇంగితాధికారం ఎవరికీ లేదు. అది ఒకరిచ్చేది కాదు, చూసి పట్టుకునేది.

ఇంత తెలిసినవాణ్ణి మొన్న ఒకరింటికి పరామర్శకు వెళ్లాను. కబుర్లలో పడ్డాను. ఆ ఇల్లాలు రెండుసార్లు మంచం మీద దిండు సర్దింది, మందుల డబ్బా తెరిచి మళ్లీ మూసింది. మెట్లు దిగుతుంటే గాని ఆ సైగలు నాకు అందలేదు. అప్పటికే పాకం ముదిరింది.