స్పైడర్‌మ్యాన్ ఎత్తిన బరువు

1966 ఫిబ్రవరి తేదీతో వచ్చిన ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 33వ సంచికలో హీరో పీటర్ ఒక భారీ యంత్రం కింద ఇరుక్కుపోయి ఉంటాడు. అది నీటి అడుగున డాక్టర్ ఆక్టోపస్ కట్టుకున్న స్థావరం. పైకప్పులోంచి నీళ్లు కారుతున్నాయి. మే పిన్నిని బతికించగల మందు కళ్లెదుటే, చేతికి అందకుండా పడి ఉంది. యంత్రాన్ని ఎత్తే ఈ ఒక్క ప్రయత్నాన్ని స్టీవ్ డిట్కో పేజీల తరబడి గీశాడు. మొదట ఇరుకైన గడులు, వాటిలో వంగిపోయిన వీపు, వణికే చేతులు. యంత్రం కదిలేకొద్దీ గడులు పెద్దవవుతాయి. చివరికి పేజీ అంతా ఒకే బొమ్మ: బరువు లేచింది, అతను నిలబడ్డాడు. స్టాన్ లీ రాసిన మాటలు ఎలా ఉన్నా, ఆ బరువును మనచేత మోయించేవి గడుల కొలతలే.

కామిక్స్‌లో కాలం కాగితం మీద పరుచుకొని ఉంటుంది. గడి వెడల్పైతే క్షణం సాగుతుంది, చిన్న గడులు వెంటవెంటనే పడితే ఊపిరి వేగం పెరుగుతుంది. రెండు గడుల మధ్య ఉన్న తెల్లటి సందులో ఏం జరిగిందో ఎవరూ గీయరు, చదివేవాళ్లే ఊహించుకుంటారు. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు పేజీ వెనక్కి తిప్పాలో కూడా వాళ్ల ఇష్టమే. సినిమా హాల్లో ఆ వీలు లేదు. అక్కడ కాలం దర్శకుడిదీ ఎడిటర్‌దీ. అందుకే బొమ్మను ఉన్నదున్నట్టు తెరమీద పెడితే కామిక్ సినిమా అయిపోదు.

‘స్పైడర్‌మ్యాన్: హోమ్‌కమింగ్’ (2017) దర్శకుడు జాన్ వాట్స్‌కు ఈ సంగతి తెలుసు. డిట్కో సన్నివేశాన్నే తీసుకున్నా గడుల జోలికి పోలేదు. శిథిలాల కింద పడిన పీటర్ సాయం కోసం కేకలు వేస్తాడు, ఏడుస్తాడు. టామ్ హాలండ్ గొంతులో ఉన్న పిల్లవాడి భయం కాగితం మీద వినిపించదు. ముఖంలో సగానికి ముసుగు పడినట్టు గీసే డిట్కో అలవాటు ఇక్కడ నీటిగుంటలో ప్రతిబింబమైంది. నాకు అసంతృప్తి ఒక్కచోటే. కామిక్‌లో పీటర్‌ను లేపేది తన వల్ల పోయిన బెన్ బాబాయి జ్ఞాపకం, పిన్ని ప్రాణం. సినిమాలో గురువులాంటి టోనీ స్టార్క్ మందలింపు. బరువు అదే, దాన్ని ఎత్తాల్సిన కారణం మాత్రం చిన్నబోయింది.

‘వాచ్‌మెన్’ సంగతి వేరు. 1986–87లో 12 సంచికలుగా వచ్చిన ఆ కథను అలన్ మూర్, డేవ్ గిబన్స్ ఎక్కువగా పేజీకి తొమ్మిది గడుల చట్రంలో నడిపారు. అయిదో సంచికలో మొదటి పేజీ అమరికకు చివరి పేజీ అద్దం పట్టినట్టు ఉంటుంది, లోపలి పేజీలూ అంతే. వెనక్కి తిప్పి చూసేవాళ్ల కోసం కట్టిన కట్టడం అది. జాక్ స్నైడర్ 2009లో ఆ బొమ్మల్ని ఎంతో భక్తితో తెరమీద నిలబెట్టాడు. కానీ స్లో మోషన్‌లో సాగదీసిన ప్రతి దెబ్బా మన ఊహకు వదిలిన సందును పూడ్చేసింది. మూర్ తన పేరు వేయవద్దన్నాడు, వేయలేదు. అయితే డాక్టర్ మాన్‌హటన్ అంగారకుడి మీద తన గతాన్ని తలచుకునే ఘట్టం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. నిన్న, నేడు, రేపు అతనికి ఒకేసారి కనిపిస్తాయి. కామిక్‌లో తొమ్మిది గడులూ ఒక్క చూపులో కనపడి ఆ అనుభూతినిస్తే, సినిమాలో ఆ పని ఫిలిప్ గ్లాస్ సంగీతం చేసింది. తిరిగి తిరిగి వచ్చే ఆ స్వరాలు గడుల స్థానంలో నిలిచాయి. స్నైడర్ పేజీని వదిలిపెట్టిన కాసేపే సినిమా మూలానికి దగ్గరైంది.

తెరను గడులుగా విడగొట్టిన ఆంగ్ లీ ‘హల్క్’ (2003) నిజాయతీ ఉన్న ప్రయోగమే. అయినా అన్ని గడులూ ఒకేసారి కదులుతుంటే కంటికి నిలకడ ఉండదు.

‘స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ది స్పైడర్‌వర్స్’ (2018) అచ్చు చుక్కల్ని, పక్కకు జరిగిన రంగుల్ని, మాటల పెట్టెల్ని తెచ్చుకుంది. ఇవి పైకి కనిపించే అలంకారాలు. అసలు నేర్పు కదలికలో ఉంది. అడవిలో ఊగడం నేర్చుకునేటప్పుడు అనుభవజ్ఞుడైన పీటర్ సెకనుకు 24 బొమ్మలతో నునుపుగా సాగిపోతుంటే, కొత్తగా స్పైడర్‌మ్యాన్ అయిన మైల్స్ 12 బొమ్మలతో తడబడతాడు. పట్టు చిక్కాక అతనూ 24కు చేరతాడు. డిట్కో గడి వెడల్పుతో చెప్పినదాన్ని ఈ సినిమా తీసినవాళ్లు బొమ్మల లెక్కతో చెప్పారు. ఆ చిత్రానికి ఆస్కార్ వచ్చింది, ఆ దారిలో మరికొన్ని యానిమేషన్ సినిమాలూ వచ్చాయి. నటులతో తీసే సూపర్‌హీరో సినిమాలు మాత్రం కామిక్స్ నుంచి ఇంకా కథల్నీ దుస్తుల్నే ఎక్కువగా తెచ్చుకుంటున్నాయి.