అమాయకుడైతేనే కొట్టగూడదా? – 'జై భీమ్' మీద కొన్ని మాటలు

2021లో వచ్చిన 'జై భీమ్'ని మేం బోగోలులో కూచుని చూశాం. మా మండలంలోనే కప్పరాళ్లతిప్ప వుంది. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల వాళ్లని తెచ్చి, పేర్లు రాసుకుని, హాజరు పిలిచి కాపలా కాసిన సెటిల్మెంటు అది. 1952లో ఆ చట్టం రద్దయింది గానీ ముద్ర రద్దు కాలేదు. మా చూపు అక్కణ్ణించి మొదలవుతుంది.

జైలు గుమ్మం దగ్గర కులం అడిగి మనుషుల్ని వేరుచేసే మొదటి దృశ్యం, లాకప్పు దెబ్బలు – వీటిని దాచకుండా చూపినందుకు సినిమాని మెచ్చుకోవాల్సిందే. మా పేచీ వేరే.

కథకి మూలమైన 1993 నాటి తమిళనాడు కేసులో చనిపోయిన మనిషి కురవర్. తెరమీద ఆయన్ని ఇరులర్ చేశారు. కురవల్నీ, మా ఎరుకల్నీ బ్రిటిష్ వాడు వొకే గాటన కట్టి పుట్టు దొంగలన్నాడు. దర్శకుడి వుద్దేశం యేదైనా, పాములూ యెలుకలూ పట్టుకునే అమాయకుడి మీద జాలి తేలిగ్గా పుడుతుంది. 'దొంగ కులం' వాడి మీద పుట్టదు. కథ బరువంతా 'వీళ్లు దొంగతనం చెయ్యలేదు' అన్నదాని మీదే పడింది. మరి చేసివుంటే? కొట్టొచ్చా?

దీనికి యుద్ధ చట్టం యెప్పుడో జవాబు చెప్పింది. 1949 జెనీవా వొప్పందం ప్రకారం పట్టుబడ్డ శత్రు సైనికుడు పేరు, హోదా, పుట్టిన తేదీ, నంబరు చెబితే చాలు. అంతకుమించి రాబట్టడానికి హింస పెట్టగూడదు. నిన్నటిదాకా తుపాకీ పేల్చినవాడు అమాయకుడా అని యెవరూ అడగరు. దాని కోసం మనదేశం 1960లో చట్టం కూడా చేసుకుంది.

మరి సొంత పౌరుడి సంగతి? 21వ అధికరణం వుంది, 1996 నాటి డి.కె. బసు తీర్పు వుంది. కానీ 1997లో సంతకం పెట్టిన హింసా వ్యతిరేక వొప్పందాన్ని యిప్పటికీ ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ దాటిన బిల్లు రాజ్యసభలో ఆగి మురిగిపోయింది. పైగా పోలీసు ముందు వొప్పుకోలు కోర్టులో చెల్లదు గానీ, ఆ మాటతో దొరికిన సొమ్ము సాక్ష్యంగా చెల్లుతుంది. 1872 చట్టం పోయి 2023 చట్టం వచ్చినా యీ సందు పూడలేదు. 'రికవరీ' పేరుతో దెబ్బలు పడేది యిందుకే. ముందుగా యెవరి మీద పడతాయో కప్పరాళ్లతిప్పకి వేరే చెప్పక్కర్లేదు.

అమాయకుడి కోసం యేడిపించే సినిమా వచ్చింది, మంచిదే. దొంగనైనా కొట్టగూడదని చెప్పే సినిమా కోసం మేం యెదురుచూస్తున్నాం. ఎరుకల బిడ్డలకి పనికొచ్చేది అదే.