నమ్మించే హక్కు యెవరిది? థ్రిల్లర్లలో అబద్ధమాడే కథకుల గురించి

సైకలాజికల్ థ్రిల్లర్ చదివేవాళ్లకు వొక సరదా తెలుసు. "నేను" అంటూ కథ చెప్పేవాడి వెంట మూడొందల పేజీలు నడుస్తాం. ఆఖరి పది పేజీల్లో తెలుస్తుంది, హంతకుడు వాడేనని. లేదా ఆమె చూపించిన డైరీ దొంగ డైరీ అని. లేదా యిదంతా పిచ్చాసుపత్రిలో కూర్చున్న వొక రోగి వూహ అని. పుస్తకం మూసి "భలే దెబ్బ కొట్టాడే" అనుకుంటాం. మోసపోయినందుకు కోపం రాదు, పైగా మెచ్చుకుంటాం. యిట్లా కథ చెప్పేవాణ్ని విమర్శకులు నమ్మదగని కథకుడు అంటారు.

దళిత సమస్యల మీద నడిచే పత్రికకు వీటితో పనేమిటని యెవరైనా అడగొచ్చు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకు తెచ్చుకొని చదివిన తరం మన వాడల్లోనూ వుంది. వాళ్ల పిల్లలు యివాళ అదే సరదాను ఫోన్లో సినిమాలుగా చూస్తున్నారు. హిందీ 'అంధాధున్' (2018) తెలుగులో 'మాస్ట్రో' (2021) అయి వచ్చింది. జనం యింతగా చదివేదీ చూసేదీ వాళ్లకు యేదో వొకటి నేర్పుతూనే వుంటుంది. యెవర్ని నమ్మాలో, యెవర్ని అనుమానించాలో కూడా నేర్పుతుంది.

మేం అడిగే ప్రశ్న చిన్నది. మోసం చెయ్యాలంటే ముందు నమ్మించాలి. నమ్మకమే లేనిచోట మోసానికి తావుండదు. మొదటి పేజీలోనే పాఠకుడు కథకుడికి కొంత నమ్మకాన్ని అప్పుగా యిస్తాడు. ఆ అప్పు యెవరికి పుడుతుంది? పూచీకత్తు యేమిటి? ముగింపులు దాచిపెట్టి యీ ప్రశ్నకు జవాబు చెప్పలేం కాబట్టి, కథలను చివరిదాకా విప్పే మాట్లాడతాం.

యీ పేరును వాడుకలోకి తెచ్చింది అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్, 1961లో వచ్చిన 'ది రెటరిక్ ఆఫ్ ఫిక్షన్' పుస్తకంలో. రచన వెనక మనకు కనిపించే రచయిత విలువలతో కథకుడి మాటా నడతా సరిపోతే అతను నమ్మదగినవాడు, సరిపోకపోతే కాదు. యిదీ ఆయన కొలబద్ద. పైకి యే పక్షమూ లేనట్టే వుంటుంది. కాని విలువలు గాల్లో పుట్టవు. రాసేవాడూ చదివేవాడూ వొకే మర్యాదస్తుల లోకం నుంచి వచ్చినప్పుడు ఆ లోకపు పెద్దమనిషే "మామూలు మనిషి" అవుతాడు. మిగిలిన వాళ్లంతా తాము మామూలు మనుషులమేనని రుజువు చేసుకోవాలి.

దీనికి మంచి వుదాహరణ అగాథా క్రిస్టీ నవల 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' (1926). ఇంగ్లండులో కింగ్స్ అబ్బట్ అనే పల్లె. కథ చెప్పేది ఆ వూరి డాక్టర్ షెపర్డ్. వూళ్లో డబ్బున్న ఆక్రాయిడ్ తన గదిలో కత్తిపోటుకు చనిపోతాడు. డాక్టర్ పొరుగింట్లోనే దిగిన డిటెక్టివ్ పొయిరో పరిశోధన చేస్తాడు. డాక్టర్ ఆయన వెంట తిరుగుతూ జరిగిందంతా రాసిపెడతాడు. చివరికి హంతకుడు ఆ డాక్టరే. వొక భర్తపోయిన స్త్రీ రహస్యం పట్టుకొని ఆమె దగ్గర డబ్బు గుంజింది ఆయనే. అది బయటపడుతుందని ఆక్రాయిడ్ ప్రాణం తీసిందీ ఆయనే.

క్రిస్టీ నేర్పు యెక్కడుందంటే, హత్య జరిగిన ఆ కాసేపటిని డాక్టర్ వొక్క వాక్యంలో దాటేస్తాడు. పాఠకుడితో అబద్ధం చెప్పడు, వూరికే చెప్పకుండా వదిలేస్తాడు. ఆ సందులోకి మనం తొంగిచూడం. యెందుకు చూడం? ఆయన డాక్టర్. అందరి యిళ్లల్లోకి వెళ్లే మనిషి. చదువుంది, మర్యాద వుంది, చమత్కారం వుంది. అదే యింట్లో పార్కర్ అనే బట్లర్ వున్నాడు, అతని మీద అనుమానం చప్పున పడుతుంది. అర్సులా బోర్న్ అనే పనిమనిషి వుంది, ఆమె మీదా పడుతుంది. ఆమె కథ తేలే తీరు చూడండి. ఆమె నిజానికి చితికిపోయిన ఐరిష్ మర్యాదస్తుల కుటుంబపు పిల్ల. ఆక్రాయిడ్ భార్యకు మొదటి పెళ్లిలో పుట్టిన కొడుకును రహస్యంగా పెళ్లాడింది. అంటే, నమ్మదగిన పనిమనిషి అసలు పనిమనిషే కాదన్నమాట! ఆఖరున పొయిరో డాక్టర్‌కు వొక దారి చూపిస్తాడు: అక్క పరువు నిలబడాలంటే నిద్రమందు మింగి పొమ్మని. హంతకుడే అయినా, పెద్దమనిషికి తన చివరి అధ్యాయం తాను రాసుకొనే తీరిక దొరికింది.

యిదే కథ పార్కర్ చెప్పాడనుకుందాం. మాట దాటేసిన ఆ వాక్యం దగ్గర పాఠకుడు మొదటిసారే ఆగిపోతాడు. "అప్పుడేం చేశావురా?" అని నిలదీస్తాడు. నవల అక్కడితో అయిపోతుంది.

మూడేళ్ల తర్వాత, 1929లో, రోనాల్డ్ నాక్స్ అనే కాథలిక్ ఫాదరీ డిటెక్టివ్ కథలకు పది ఆజ్ఞలు రాశాడు. ఆయన కూడా ఆ కథలు రాసినవాడే. నేరస్థుడి ఆలోచనలు పాఠకుడికి తెలిసేట్టు రాయకూడదనేది అందులో వొకటి. కథలో చైనావాడు వుండకూడదనేది యింకొకటి. ఆనాటి చౌకబారు కథల్లో దుర్మార్గుడు యెప్పుడూ చైనావాడే కావడంతో, ఆ పాత మూసను యెగతాళి చేస్తూ ఆయన అట్లా రాశాడు. వుద్దేశం మంచిదే. కాని ఆ ఆజ్ఞ చెప్పకుండానే చెప్పే సంగతి వొకటుంది. కొంతమంది మీద లోకానికి ముందే యెంత అనుమానం వుందంటే, వాళ్లను ఆటలోకి కూడా తీసుకోలేరు. వాళ్లతో పాఠకుణ్ని ఆశ్చర్యపరచడం కుదరదు.

కాలం మారింది కదా అంటారు. గిలియన్ ఫ్లిన్ 'గాన్ గర్ల్' (2012) చూద్దాం. రెండేళ్లకు డేవిడ్ ఫించర్ దాన్ని సినిమా తీశాడు. ఎమీ అనే భార్య మాయమవుతుంది. ఆమె డైరీ దొరుకుతుంది. అందులో భర్తకు భయపడి బతికిన ఆడమనిషి గోడు వుంటుంది. సగం పుస్తకం అయ్యాక ఆ డైరీ అంతా ఆమె కావాలని అల్లిందని తెలుస్తుంది. కాని దేశం మొత్తం దాన్ని నమ్మేసింది. యెందుకు? ఎమీ తెల్లమనిషి, అందగత్తె, చదువుకున్నది. తల్లిదండ్రులు ఆమెను నాయికగా పెట్టి పిల్లల పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్నవాళ్లు. ఫ్లిన్ తెలివిగల రచయిత్రి. యీ నమ్మకం యెక్కణ్నించి వచ్చిందో ఆమెకు తెలుసు. అందుకే ఎమీ దొంగపేరుతో చవక క్యాబిన్లలో తలదాచుకున్నప్పుడు ఆమె దగ్గరున్న డబ్బు సంగతి పసిగట్టి దోచుకుపోయేది అక్కడి బీదవాళ్లు, గ్రెటా, జెఫ్. టీవీ ముందు కూర్చున్న జనం కనిపెట్టలేనిది వాళ్లు కనిపెట్టారు. కాని పోలీసుల దగ్గరికి వెళ్లి చెప్పే స్థితి వాళ్లకు లేదు, చెప్పినా వినేవాడెవడు? చివరికి ఎమీ వొంటి నిండా నెత్తురుతో యింటికొచ్చి యింకో కట్టుకథ చెబుతుంది. దాన్నీ లోకం నమ్ముతుంది.

యింతవరకు చూసింది నమ్మకం వున్నవాళ్ల కథ. నమ్మకాన్ని లాగేసుకున్న కథలు మరో రకం. ప్యాట్రిక్ హామిల్టన్ నాటకం 'గ్యాస్ లైట్' (1938), దాన్నుంచి 1944లో వచ్చిన జార్జ్ క్యూకర్ సినిమా అందరికీ తెలిసినవే. మొగుడు యింట్లో దీపాలు మసకబారే పని తానే చేస్తూ, అదంతా నీ భ్రమేనని పెళ్లాన్ని నమ్మిస్తాడు. పౌలా హాకిన్స్ 'ది గర్ల్ ఆన్ ది ట్రెయిన్' (2015)లో రేచల్‌ది తాగుడు. వుద్యోగం పోయింది. తాగినప్పుడు జరిగింది గుర్తుండదు. ఆమె మాట పోలీసులు నమ్మరు, మనమూ నమ్మం, ఆమెకు ఆమే నమ్మదు. తీరా చూస్తే ఆమె చెయ్యని తప్పులు చేసినట్టు యేళ్ల తరబడి ఆమె తలకెక్కించింది మాజీ భర్త. హంతకుడూ వాడే. యీ కథ మనకు దగ్గరగా వస్తుంది. "నువ్వే కాలుజారి పడ్డావు", "మీలో మీరే కొట్టుకున్నారు", "అట్లాంటిదేం జరగలేదు, మీకట్లా అనిపించింది" అనే మాటలు వాడల్లో యెవరూ వినకుండా పెరగరు. నమ్మదగనితనం మనిషి గుణం కాదు, వొకడు యింకొకడికి చేసేపని అని యీ నవల చెబుతుంది. దాని విలువ అక్కడుంది.

మూడో రకం మరీ ప్రమాదం. జర్మన్ సినిమా 'ది క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి' (1920)లో ఫ్రాన్సిస్ అనే యువకుడు, నిద్రలో నడిచే మనిషి చేత హత్యలు చేయించే డాక్టర్ గురించి చెబుతాడు. చివర్లో చూస్తే ఫ్రాన్సిస్ పిచ్చాసుపత్రిలో రోగి. అతను హంతకుడన్న డాక్టర్ ఆ ఆసుపత్రికి పెద్ద. రచయితలు అధికారాన్ని నిలదీస్తూ రాసిన కథను, సినిమా తీసినవాళ్లు యీ చట్రంలో పెట్టి తలకిందులు చేశారని సీగ్‌ఫ్రీడ్ క్రకావర్ 1947లో వాదించాడు. తర్వాత దొరికిన మూల స్క్రిప్టులో కూడా వొక చట్రం వుంది, అది వేరే రకంది. కాబట్టి ఆయన చెప్పిన చరిత్రను సవరించుకోవాలి. కాని తెర మీద జరిగిన పని మారదు: అధికారి మీద వేలెత్తినవాడు పిచ్చివాడయ్యాడు. తొంభై యేళ్ల తర్వాత మార్టిన్ స్కార్సేసీ తీసిన 'షటర్ ఐలండ్' (2010)లోనూ అంతే. ఆసుపత్రిలో ఘోరాలు జరుగుతున్నాయని వెతికిన మార్షలే అక్కడి రోగి. అతని ఫిర్యాదే అతని జబ్బు. దీన్ని మేం చమత్కారమని వూరుకోలేం.

యిట్లాంటి కథలను సమర్థించేవాళ్లు చివరికి పట్టుకొనేది కురొసావా 'రషోమన్' (1950). అకుతగావా 1922లో రాసిన కథ దాని మూలం. అడవిలో వొక సమురాయ్ చనిపోయాడు. బందిపోటు వొకటి చెప్పాడు, భార్య వొకటి చెప్పింది, చచ్చినవాడి ఆత్మ యింకొకటి చెప్పింది. కట్టెలు కొట్టేవాడు మరొకటి చెప్పాడు. సత్యం వొకటి కాదు, చూసేవాళ్లను బట్టి వుంటుందనే తాత్వికత దీన్నుంచి లాగుతారు. సినిమాను కాస్త దగ్గరగా చూడండి. మొదటి ముగ్గురూ అబద్ధమాడింది తమ పరువు నిలబెట్టుకోవడానికి. ఆరుగురు పిల్లల తండ్రి అయిన కట్టెలవాడు నిజం దాచింది వొక బాకు దొంగిలించినందుకు. తాత్వికత ముగ్గురిదీ అయింది, దొంగతనం మాత్రం వొక్కడి పేరున మిగిలింది. చివర్లో వదిలేసిన పసిబిడ్డను యెత్తుకొని పోయేదీ అతనే. ఆ సంగతి సినిమాకు తెలుసు. దాన్ని సిద్ధాంతం చేసినవాళ్లే మరిచిపోయారు.

సత్యాలు అనేకం అనే మాట సెమినార్లో అందంగా వుంటుంది. అదే మాటను కోర్టులో ముద్దాయిల తరపు వకీలు వేరే భాషలో చెబుతాడు: సాక్షుల మాటల్లో పొంతన లేదు. కీళవెణ్మణిలో 1968 డిసెంబర్ 25 రాత్రి 44 మంది దళితులను గుడిసెలో పెట్టి తగలబెట్టారు. మద్రాసు హైకోర్టు భూస్వాములను వదిలేస్తూ చెప్పిన సంగతుల్లో, అంత ఆస్తిపాస్తులున్న పెద్దవాళ్లు నౌకర్ల చేత కాకుండా స్వయంగా నడిచివెళ్లి నిప్పు పెట్టారంటే నమ్మడం కష్టమనేది వొకటి. డాక్టర్ షెపర్డ్‌కు పాఠకుడిచ్చిన అప్పే యిది. నవల్లో అయితే ఆఖరి అధ్యాయంలో పొయిరో వచ్చి ఆ అప్పు వసూలు చేస్తాడు. చుండూరులో 1991 ఆగస్టు 6న యెనిమిది మంది దళితులను చంపారు. ఆ వూళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలను రద్దు చేసింది. పరుగెత్తి ప్రాణం కాపాడుకున్న మనిషి యెవడు యెక్కడ యే నిమిషంలో నరికాడో గడియారం చూసి చెప్పాలి. డాక్టర్ మాట దాటేస్తే కళ, కూలివాడు మరిచిపోతే అబద్ధం.

అట్లాగని యీ నవలలను తగలెయ్యమని మేం అనడం లేదు. క్రిస్టీ వొక మేలు చేసింది. మర్యాదగా మాట్లాడే మనిషిని కూడా అనుమానించడం లక్షలమంది పాఠకులకు నేర్పింది. వాస్తవికత పేరుతో వూరి పెద్దమనిషి గొంతుతో వూరి కథంతా చెప్పిన మన పెద్ద పెద్ద నవలలు ఆ మాత్రం కూడా నేర్పలేదు. థ్రిల్లర్ చదివిన కళ్లతో ఆ నవలలను మళ్లీ చదవాలి. సాఫీగా సాగే కథనంలో యే వాక్యం దగ్గర వాడ మాయమైందో, యే పది నిమిషాలు యెగిరిపోయాయో వెతకాలి. దళిత విమర్శకు అది మంచి పనిముట్టు.

యిక రాయడం సంగతి. దళితుడు "నేను" అనగానే లోకం దాన్ని వాంగ్మూలంగా తీసుకుంటుంది. బామా 'కరుక్కు' (1992)నయినా, ఓంప్రకాశ్ వాల్మీకి 'జూఠన్' (1997)నయినా ముందు సాక్ష్యంగా చదివారు, తర్వాతే సాహిత్యంగా చూశారు. సాక్షి తడబడకూడదు, దాచకూడదు, ఆటలాడకూడదు. వొక్క వివరం తప్పితే జాతి మొత్తం అబద్ధాలకోరు అవుతుంది. జాషువా 1941లోనే దీని మూలం పట్టుకున్నాడు. 'గబ్బిలం'లో కథానాయకుడు తన బాధ చెప్పుకోవడానికి మనిషిని వెతుక్కోలేదు. గుళ్లోకి వెళ్లగలిగిన గబ్బిలాన్ని పట్టుకున్నాడు. చెప్పేవాడికి లోటు లేదు. వినేచోటు లేదు.

అందువల్ల మేం రెండూ అడుగుతున్నాం. కోర్టులో, పోలీస్ స్టేషన్లో, పత్రికాఫీసులో మా మాటకు మొదటి పేజీ నుంచే నమ్మకం కావాలి. సాహిత్యంలో మాత్రం నమ్మించి, దాచి, తికమకపెట్టి, చివర్లో పాఠకుణ్ని వులిక్కిపడేట్టు చేసే వెసులుబాటు కూడా కావాలి. మొదటిది దక్కితే తప్ప రెండోది పూర్తిగా దక్కదు. అయినా రచయితలు మొదటిదాని కోసం కాచుక్కూర్చోనక్కర్లేదు. పార్కర్ చెప్పే కథ రాయండి. అతని మాటను పాఠకుడు యెక్కడెక్కడ నమ్మకుండా ఆగాడో ఆ చోట్లన్నీ ఆఖరి పేజీలో ఆ పాఠకుడికే చూపించండి. అప్పుడు బోనులో నిలబడేది కథకుడు కాదు, చదివినవాడు.