ఎరుపు విలువ

ఇస్తాంబుల్‌లో ఎమినోను బజారు దుకాణాల మీద కట్టిన చిన్న మసీదు రుస్తుం పాషాది. 1560లలో ఒట్టోమన్ వాస్తుశిల్పి సినాన్ కట్టిన ఈ మసీదు గోడల నిండా ఇజ్నిక్ అనే ఊరిలో చేసిన పింగాణీ పలకలే. తులిప్ పూలు, గులాబీలు, కార్నేషన్లు ఎన్ని ఉన్నా నా కళ్లు వాటిలోని ఎరుపు మీదే నిలిచిపోతాయి. నీలం, ఫిరోజా రంగులు గ్లేజు అనే గాజుపూత కింద చదునుగా ఉంటాయి. ఎరుపు మాత్రం కాస్త ఉబ్బి ఉంటుంది. పక్కనుంచి వెలుతురు పడితే ఆ మందం స్పష్టంగా తెలుస్తుంది.

నీలం కోబాల్ట్‌ది, ఫిరోజా రాగిది. ఎరుపు ఇనుము ఎక్కువగా ఉన్న మట్టిది. పలచగా పూస్తే అది పలకదు. అందుకే దట్టంగా పెడతారు. ఆ మందం మీద కూడా గ్లేజు పగలకుండా అతుక్కోవాలి. అసలు పలకే మొండిది. అందులో ముప్పాతికకు పైగా పలుగురాయి పిండి, కొద్దిగా మట్టి, గాజుపొడి. జిగురు తక్కువ కాబట్టి చేతికి లొంగదు. దానిమీద తెల్లపూత వేసి, సూదితో చిల్లులు పొడిచిన కాగితం పరిచి బొగ్గుపొడి అద్దుతారు, మనం ముగ్గు అచ్చు వేసినట్టు. ఆ చుక్కల వెంట కుంచె నడుస్తుంది. రంగులు నింపి, గ్లేజు వేసి, సుమారు 900 డిగ్రీల వేడిలో కాలుస్తారు.

1557లో పూర్తయిన సులేమానియే మసీదులో కనిపించే ఈ ఎరుపు అరశతాబ్దం పాటు వెలిగింది. ఇజ్నిక్ పనివాళ్లకు పెద్ద కొనుగోలుదారు ఒట్టోమన్ సుల్తాను ఆస్థానమే, ధర కట్టేదీ ఆస్థానమే. సరుకుల ఖర్చులు పెరిగినా ఆ ధర కదల్లేదు. గిట్టక వాళ్లు బయటి బేరాల వైపు మళ్లారు. 1609లో మొదలైన నీలి మసీదుకు ఇరవై వేలకు పైగా పలకలు పట్టాయి. ఆ తర్వాత అంత పెద్ద పనులు రాలేదు. పదిహేడో శతాబ్దంలో ఎరుపు గోధుమరంగుకు దిగింది, గ్లేజు మసకబారింది, ఇజ్నిక్ బట్టీలు ఆరిపోయాయి. పలకల పని కుతాహ్యా అనే మరో ఊరిలో సాగింది కానీ ఆ ఎరుపు అక్కడికి రాలేదు.

1993లో ఇజ్నిక్‌లో ఒక ఫౌండేషన్ పెట్టి, శాస్త్రవేత్తల సాయంతో పాత పద్ధతిని మళ్లీ వెతకాల్సి వచ్చింది. 2016లో ఈ పనితనాన్ని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

సుల్తానులకు కళంటే ప్రేమ లేదని ఎవరూ అనలేరు. అయితే ప్రేమ బట్టీకి కట్టెలు కొనిపెట్టదు. చేతిపని నచ్చి కొనేటప్పుడు దయచేసి బేరమాడకండి. గిట్టుబాటు ధర ఇవ్వండి.