21 రోజుల సూది

ఆ పిల్ల గుమ్మంలో నిలబడిందంటే మూడు వారాలు గడిచినట్టే. తొమ్మిదో తరగతి. చిన్నప్పుడు గొంతు నొప్పి, ఆ తర్వాత మోకాళ్ల వాపు, చివరికి గుండె కవాటానికి దెబ్బ. రుమాటిక్ జ్వరం మళ్లీ రాకుండా 21 రోజులకోసారి బెంజథిన్ పెన్సిలిన్, 12 లక్షల యూనిట్లు. ‘‘ఈసారి ఎడమ వైపు వెయ్యండి సిస్టర్’’ అనేది. కుడి వైపు పోటు ఇంకా గుర్తుంది మరి.

మొండి మందు ఇది. సీసాలో తెల్లటి పొడి. స్టెరైల్ వాటర్ ఎక్కించి ఊపితే చిక్కటి మజ్జిగలా తయారవుతుంది గానీ పూర్తిగా కరగదు. కలిపి పక్కన పెట్టామా, అడుగుకు దిగిపోతుంది. సన్న సూదైతే సగంలో అడ్డుపడుతుంది. కొత్తలో ఒకసారి అడ్డుపడితే కసిగా నొక్కాను. సూది ఊడి మందంతా నా కళ్లజోడు మీద చిమ్మింది. నా తప్పుకి ఆ రోగికి రెండో పోటు. అప్పట్నుంచి 21 గేజ్ సూదే, కలిపిన వెంటనే వేసేయడమే.

గుచ్చాక పిస్టన్ కాస్త వెనక్కి లాగి చూస్తాను. టీకాలకి ఇది అక్కర్లేదంటున్నారు, నిజమే. దీనికి మాత్రం మానకూడదు. రక్తం కనిపిస్తే సూది బయటికి తీయాల్సిందే. కండలోకి వెళ్లాల్సిన ఈ మందు నరంలోకి, అంటే రక్తనాళంలోకి, పోతే గుండె ఆగిపోవచ్చు.

‘‘ఇంతకుముందు వేసిందేగా, మళ్లీ ఎలర్జీ ప్రశ్నలెందుకు సిస్టరమ్మా?’’ అని తల్లి విసుక్కునేది. పది సార్లు పడ్డ మందు పదకొండోసారి పడకపోవచ్చు. టెస్ట్ డోసు బాగుంది కదా అని నేను ధీమాగా ఉండను. ట్రేలో అడ్రినలిన్ ఆంపుల్ కనబడకపోతే సీసా మూత తియ్యను. దద్దుర్లతో పాటు ఆయాసమో, కళ్లు తిరగడమో మొదలైతే తొడ కండలోకి ముందు పడాల్సింది అదే. పెద్దవాళ్లకి అర మిల్లీలీటరు.

ఒక ఆసుపత్రిలో ‘రియాక్షన్ వస్తే ఎవరు చూస్తారు?’ అని వీళ్లని తిప్పి పంపేశారట. వాళ్ల భయం నాకు తెలియనిది కాదు. కానీ ప్రాణం మీదికొచ్చే రియాక్షన్ అరుదు. సూదులు తప్పుతూ పోతే మాత్రం కవాటం ఇంకా పాడయ్యే ముప్పుంది.

సూది అయ్యాక బెంచీ మీద అరగంట. తల్లి బస్సు పోతుందని గునిసేది. పిల్ల లెక్కల పుస్తకం తీసేది, గోడ గడియారం వంక చూసేది.

‘‘అయిపోయింది సిస్టర్.’’

‘‘ఇంకా అయిదు నిమిషాలుంది. కూచో.’’